అప్‌డేట్: మంచినీటి కణమూ, మహావృక్షమూ

కాలిఫోర్నియా మంచినీటిలో దొరికిన సినెకోసిస్టిస్ 6803 అనే సైనోబాక్టీరియానూ (మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా), అక్కడి తీరంలోనే పెరిగే, అంతరించే ముప్పున్న కోస్ట్ రెడ్‌వుడ్ చెట్టునూ ఎలా పోల్చాలని మా అమ్మాయి సెమినార్ కోసం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

జన్యురాశి, అంటే జీవి మొత్తం డీఎన్ఏ, పోలిక తేలిగ్గానే కుదిరింది. మొదటిదానికి సుమారు 36 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాలు), 1996లోనే చదివేశారు. రెండోదానికి దాదాపు 2,650 కోట్లు. అంకెలు ఘనమే గానీ మాకు పెద్దగా రుచించలేదు.

అసలు సంగతి చీకట్లో దొరికింది. పత్రహరితం తయారీలో ఒక మెట్టు దాటడానికి పూల మొక్కలకు వెలుతురు తప్పనిసరి. అందుకే మూసిపెట్టిన పెసల మొలకలు పసుపుగా పాలిపోతాయి (వారం రోజులుగా మా వంటింటి అలమర నిండా అవే!). సైనోబాక్టీరియాకు ఆ మెట్టును చీకట్లోనూ దాటించే మరో ఎంజైమ్ ఉంది. రెడ్‌వుడ్ లాంటి శంఖాకార వృక్షాలు దాన్ని నిలుపుకున్నాయి. దాని జన్యువులు వాటి హరితరేణువుల్లోనే (కణంలో పత్రహరితం ఉండే భాగాల్లోనే) ఉన్నాయి. ఆ హరితరేణువులు ఒకప్పటి సైనోబాక్టీరియా సంతతే కదా! దారిలో పారేసుకున్నవి పూల మొక్కలే.

వెలుతురు లేనిదే ఏ మొక్కా పచ్చబడదని నా ప్రశ్నలో ధీమాగా రాశాను. అది తప్పు. సెమినార్ శుక్రవారం; పెసల గిన్నె కూడా వెంట వెళ్తోంది.