లాంగ్ బీచ్ కంబోడియా కుటుంబం: శిబిరంలో పుట్టిన కొడుకు గ్రీన్‌కార్డు రెన్యూవల్‌కి పంపొచ్చా?

ప్రశ్న:
కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో, కంబోడియావాళ్లు ఎక్కువగా ఉండే అనహైమ్ స్ట్రీట్ వైపు ఫారాలు నింపడంలో మనవాళ్లం కొందరం సాయం చేస్తున్నాం. ఒక ఇంటి సంగతి ఇది. తల్లికి డెబ్బై దాటాయి, 1996లో పౌరసత్వం వచ్చింది. తండ్రి థాయ్‌లాండ్‌లోని ఖావో-ఇ-డాంగ్ శరణార్థి శిబిరంలోనే పోయాడు. కొడుకు 1981లో అక్కడే పుట్టాడు, గ్రీన్‌కార్డు చిన్నప్పుడే వచ్చింది. 2001లో దొంగతనం కేసులో ఏడాది శిక్ష పడింది. కార్డు గడువు తీరిపోతోంది. తల్లీకొడుకుల ఇంటిపేర్లు వేరు, ఇద్దరి పుట్టినరోజూ జనవరి 1. ఇలాగే పంపేయొచ్చా?

జవాబు 1:
పంపకండి. రెన్యూవల్‌కి వేలిముద్రలు తీసుకుంటారు, పాత కేసు బయటికొస్తుంది. 1996 చట్టం ప్రకారం దొంగతనానికి ఏడాది శిక్ష పడితే అది ‘యాగ్రవేటెడ్ ఫెలనీ’, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనూ దేశం దాటించగల నేరం. 364 రోజులైతే కాదు, 365 అయితే అవుతుంది. జైలుకు వెళ్లకుండా శిక్ష నిలిపేసినా లెక్కలోకే వస్తుంది. ఇలా పంపేసినవాళ్లను తీసుకుంటానని 2002 మార్చిలో కంబోడియా అమెరికాతో ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి ఇలాంటివాళ్లను పంపేస్తున్నారు. పుట్టింది థాయ్ శిబిరంలో, పెరిగింది అమెరికాలో, దింపేది మాత్రం ఎన్నడూ చూడని నాంపెన్‌లో. ఎంత అన్యాయమో చూడండి.

అసలు అతను ఇప్పటికే అమెరికా పౌరుడు అయి ఉండొచ్చు, ముందు అది తేల్చండి. 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 నిండనివాళ్లకే. అతనికి అప్పటికే ఇరవై. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంతకుముందు ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న పాత సెక్షన్ 321 చూడండి: తల్లిదండ్రుల్లో ఒకరు చనిపోయి, మిగిలినవారికి పౌరసత్వం వచ్చేసరికి బిడ్డకు 18 నిండకుండా, పెళ్లికాకుండా, గ్రీన్‌కార్డుతో ఇక్కడ ఉంటే, బిడ్డ కూడా ఆ రోజే పౌరుడైపోతాడు. దరఖాస్తు అక్కర్లేదు. 1996లో ఇతనికి పదిహేనేళ్లు.

రుజువు చేయడమే కష్టం. ముందు సమాచార హక్కు కింద తల్లిదీ కొడుకుదీ ఇద్దరి ఇమిగ్రేషన్ ఫైళ్లూ తెప్పించండి. తండ్రి చనిపోయినట్టు తల్లి శిబిరంలో చెప్పిన మాట అందులో రాసి ఉంటే సగం పని అయినట్టే. అవి చేతికి రాకుండా ఎన్-600 (పౌరసత్వ ధ్రువపత్రం కోసం పెట్టే ఫారం) పంపితే, మీరు రాసిన తేదీకీ వాళ్ల ఫైల్లో తేదీకీ పొంతన కుదరక తిరగ్గొడతారు. ఇదంతా ఇమిగ్రేషన్ లాయరు చేతుల మీదుగానే జరగాలి.

జవాబు 2:
ఇంటిపేర్లు కలవకపోవడం తప్పు కాదండీ. కంబోడియావాళ్ల భాష ఖ్మేర్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. పెళ్లయ్యాక భార్య పేరు మారదు. కొన్ని ఇళ్లలో తండ్రి సొంతపేరే పిల్లలకు ఇంటిపేరవుతుంది. దానికి తోడు, శిబిరం కాగితాల్లో ముందుపేరు, వెనకపేరు తారుమారైనవీ ఉన్నాయి. దేన్నీ ‘సరిదిద్దకండి’. గ్రీన్‌కార్డు మీద ఉన్నది ఉన్నట్టు దించి, మిగతా రూపాలన్నీ ‘వాడిన ఇతర పేర్లు’ గడిలో రాయండి.

తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 వేసేశారు. పెద్దలకు గుర్తుండేది జంతువు పేరుతో ఉన్న ఏడు. ఉదాహరణకు, ఆ దశకంలో ‘పాము ఏడు’ అంటే 1977 ఏప్రిల్ మధ్య నుంచి 1978 ఏప్రిల్ మధ్య దాకా, ఎందుకంటే జంతువు మారేది ఖ్మేర్ కొత్త సంవత్సరానికి. ఈ కుర్రాడి విషయంలో ఏడాది అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. పదిహేడో పద్దెనిమిదో తేలని కేసుల్లో మాత్రం అదే ప్రాణం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. తండ్రి చనిపోయిన సంగతిపై తల్లి ఇచ్చే వాంగ్మూలాన్ని కొడుకునే అనువదించమనొచ్చా? ఇన్నాళ్లూ ఆసుపత్రుల్లో అతనే చెబుతూ వచ్చాడు.

జవాబు 3:
వద్దు. అతని కేసులో అతనే దుబాసీ అయితే ఆ కాగితం విలువ పోతుంది. ఇంకో సంగతి, భర్త చావు గురించి తల్లి కొడుకు ముందు నోరు విప్పకపోవచ్చు. ఫోన్ అనువాదకులను ‘ఖ్మేర్’ కావాలని అడగండి, వాళ్ల నోట అది ‘ఖ్మై’. ఆవిడ ‘కిత్ చ్రాన్’ అంటే మాటకు మాటగా ‘ఎక్కువ ఆలోచిస్తోంది’ అని రాసి వదిలేయొద్దు. నిద్ర పట్టకుండా, గుండె దడగా, పోయినవాళ్లే కళ్లముందు మెదులుతుంటే వాళ్లనే మాట అది. అక్కడ ఆగి, ఏం గుర్తొస్తోందని నెమ్మదిగా అడిగించండి. శిబిరంలో ఎవరు పాతిపెట్టారు, అది ఏ కాలం, పక్కన ఎవరున్నారు అన్న వివరాలు అప్పుడు వస్తాయి. ఆ పక్కనున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఇక్కడే ఉంటే రెండో వాంగ్మూలం వాళ్లది తీసుకోండి.

జవాబు 1 (మళ్లీ):
ఒకవేళ పౌరసత్వం రుజువు కాకపోతే, శిక్ష కాలిఫోర్నియాలోనే పడి ఉంటే ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలో (పీనల్ కోడ్) సెక్షన్ 1473.7 ఉంది. నేరం ఒప్పుకుంటే దేశం దాటిస్తారన్న సంగతి అతనికి అప్పుడు అర్థం కాలేదని చూపించగలిగితే ఆ తీర్పును కొట్టేయించవచ్చు. కేసు ఫైలు, ఒప్పుకోలు రోజు కోర్టు ట్రాన్‌స్క్రిప్టు కోసం ఇప్పుడే అడగండి. అన్నిటికన్నా ఆలస్యమయ్యేవి అవే. ఈలోపు అతను మెక్సికో సరిహద్దు కూడా దాటకూడదు.