మూడు రోజుల రోబో చూసి మన పిల్లలు కట్టడం: మేలా, చేటా?

డల్లాస్_నాన్న
మా పాప 11వ తరగతి, హైస్కూల్ ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అనే రోబో పోటీ) టీమ్‌లో ఉంది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి జనవరి మొదట్లో ఒక శనివారం ఆ ఏడాది ఆట ఏమిటో ప్రకటిస్తారు. అప్పటినుంచి పిల్లలు వంద పౌండ్ల పైచిలుకు రోబో ఒకటి కట్టుకుని పోటీకి వెళ్లాలి. ఇదివరకు ఆరు వారాలు కాగానే రోబోని సంచిలో పెట్టి సీల్ వేసేవారు, 2020 సీజన్ నుంచి ఆ నియమం తీసేశారు.

2013 నుంచి ఇంకో సంగతి మొదలైంది. కొన్ని బృందాలు, ఎక్కువగా కాలేజీ పిల్లలు, ఆట ప్రకటించిన 72 గంటల్లో ఒక రోబో కట్టేసి, ప్రతి అడుగూ వీడియో పెడతారు. మా టీమ్ పెద్దలు ఈసారి ఏమంటున్నారంటే, నాలుగో రోజున ఆ వీడియోలన్నీ చూసి, బాగున్నది ఎంచుకుని, నేరుగా ఆన్‌షేప్ అనే కంప్యూటర్ డిజైన్ (క్యాడ్) సాఫ్ట్‌వేర్‌లో గీసి 3డి ప్రింట్ చేద్దామని. మొదటి వారం అట్టముక్కలు, ప్లైవుడ్, క్లాంపులతో పిల్లలే ప్రయత్నించాలని నేనన్నాను. మీటింగ్‌లో ఒంటరినైపోయాను. మీరేమంటారు?

ఆస్టిన్_మెంటర్
తొమ్మిదేళ్లుగా మెంటర్‌గా ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. వీడియో చూడటం కాపీ కొట్టడం కాదండీ. మా ఊళ్లో కొత్తగా మొదలైన టీమ్ ఒకటుంది. మొత్తం పన్నెండు మంది పిల్లలు, ఒక్క డ్రిల్ ప్రెస్, స్కూల్ అయ్యాక రోజుకు రెండు గంటలు. వాళ్లకి ప్లైవుడ్‌తో నాలుగు రకాలు చేసి చూసే తీరిక ఎక్కడిది? లీగ్ సిటీలోని 118వ నంబరు టీమ్, రోబోనాట్స్, ఏటా 'ఎవ్రీబాట్' అని తక్కువ ఖర్చు రోబో డిజైన్ మొత్తం బయటపెడుతుంది. అది చూసి కట్టుకున్న పిల్లలు మైదానంలో పాయింట్లు కొట్టినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

పైగా ప్లైవుడ్ మీద వచ్చిన ఫలితం అసలు రోబో మీద రాదు. స్క్రూ వదులైతే, ఆట వస్తువుని లోపలికి లాగే రోలర్ల మధ్య ఖాళీ మారిపోతుంది. ఏం కొలిచామో మనకే తెలియదు.

డల్లాస్_నాన్న
72 గంటలు అంటున్నారు కదా, ఆ లెక్క చూడండి. వాళ్లు పదిహేను, ఇరవై మంది, నిద్ర మానేసి, కాలేజీ వర్క్‌షాపులో, చేతికందే దూరంలో సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) పెట్టుకుని చేస్తారు. మా పిల్లల లెక్కన అది ఆరు వారాల పని. దాన్ని 'మూడు రోజులు' అని పిలవడమే తప్పు. ఆ మాట విన్న పిల్లలు 'మనకు చేతకాదు' అనుకుంటారు.

ఆస్టిన్_మెంటర్
పేరులో ఏముందండీ? చూపించే యంత్రం పనిచేస్తుందా లేదా, అదీ ప్రశ్న.

డల్లాస్_నాన్న
పేరులోనే ఉంది. మీరు 72 గంటలకు జవాబు చెప్పలేదు.

న్యూజెర్సీ_లక్ష్మి
మా అబ్బాయి టీమ్‌లో రెండూ చేస్తారు. గొడవేం లేదు మరి.

వరంగల్_రోబోకాన్
అన్నా, ఇండియా సంగతి చెప్త. మేము ఇంజినీరింగ్‌ల డీడీ రోబోకాన్ ఆడినం, గది కాలేజీ పిల్లల రోబో పోటీ. 2024 ఆట పేరు హార్వెస్ట్ డే. నారు నాటాలె, ధాన్యం బంతులు ఏరి గాదెలల్ల వెయ్యాలె. రెండో రోబో మనిషి ముట్టకుండ తనంతట తనే నడవాలె. వీడియో లేదు, మెంటర్ లేడు. మా సార్ సంతకం పెట్టేటప్పుడే కనవడేటోడు. రాణీగంజ్‌ల అల్యూమినియం చదరపు పైపు, కోఠి గుజరాతీ గల్లీల మోటార్ డ్రైవర్ బోర్డులు, సైకిల్ బ్రేక్ వైరు, ఇగ హాక్సా బ్లేడు. గంతే.

బంతి పట్టుకునే గ్రిప్పర్ పదకొండు సార్లు చేసినం. పదకొండోది పనిచేసింది. తర్వాత తెల్సింది, మా సీనియర్లు మూడేండ్ల కింద గసొంటి గ్రిప్పరే చేసిన్రట. ఎవ్వలూ రాసిపెట్టలె. మా రెండు నెలలు మట్టిల కలిసినయ్. అందుకే వీడియోలు పెట్టేటోళ్లకు నేనైతే దండం పెడ్త.

డల్లాస్_నాన్న
తమ్ముడూ, ఆ పదకొండు సార్లే నీకు చదువు. రెండు నెలలు పోలేదు.

వరంగల్_రోబోకాన్
పోయినయ్ అన్నా. నాలుగు సబ్జెక్టులు తప్పిన. ఇంట్ల నాయన నెల రోజులు మాట్లాడలె. బయటికెల్లి చూసెటోళ్లకు చదువు లెక్క కొడ్తది.

ప్లైవుడ్_ప్రేమి
ఆస్టిన్ గారు స్క్రూ వదులని ప్లైవుడ్‌నే కొట్టిపారేశారు, అది ఒప్పుకోను. 2024లో ఎఫ్‌ఆర్‌సీది క్రెసెండో ఆట. నురుగు రబ్బరుతో చేసిన నారింజ రంగు రింగులు, 'నోట్' అనేవారు. బయట వ్యాసం 14 అంగుళాలు, లోపల 10, మందం 2. స్క్రీన్ మీద గీస్తే అది గుండ్రంగా, బుద్ధిగా కనిపిస్తుంది. నిజంగా రోలర్ల మధ్యకు తోస్తే ముందు అంచు మడతపడి కిందికి దూరుతుంది. నాలుగు మ్యాచ్‌లు ఆడిన నోట్ అయితే అంచులు చిరిగి, సాగి, ఇంకోలా నడుస్తుంది. ఈ సంగతి ఏ క్యాడ్ ఫైలూ చెప్పదు. రెండు ప్లైవుడ్ పలకలు, పొడవుగా కోసిన స్లాట్లు, రోలర్ షాఫ్ట్‌ని స్లాట్‌లో జరుపుతూ డ్రిల్‌తో తిప్పితే పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఆస్టిన్_మెంటర్
ఆ పది నిమిషాల పని మూడు రోజుల బృందం అప్పటికే చేసేసింది కదా. అదే నోట్, అవే రోలర్లు. మళ్లీ మనం ఎందుకు?

ప్లైవుడ్_ప్రేమి
అవే రోలర్లు అని మీకెలా తెలుసు? రబ్బరు గట్టిదనం వేరైతే నొక్కుడు మారిపోతుంది.

ఆస్టిన్_మెంటర్
వీడియో కింద పార్ట్ నంబర్లు ఇస్తారు. చదివితే తెలుస్తుంది.

డల్లాస్_నాన్న
చదివితే! పిల్లలు చదవరండీ, పెద్దలు చదువుతారు. అదే నా బాధ.

ఆస్టిన్_మెంటర్
మీ బాధ ఏమిటో మొదటి నుంచీ సూటిగా చెప్పడం లేదు. ముందు ప్లైవుడ్ అన్నారు, తర్వాత 72 గంటలు అన్నారు, ఇప్పుడు పెద్దలు అంటున్నారు. వారానికి ఇరవై గంటలు ఆఫీసు తర్వాత వచ్చి నిలబడేది మేము. మీలాంటి తల్లిదండ్రులు రాత్రి పదకొండింటికి మెయిల్ పెడతారు, మా అమ్మాయికి పని ఇవ్వలేదని. ఒక్క శనివారం వచ్చి చీపురు పట్టారా?

న్యూజెర్సీ_లక్ష్మి
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

డల్లాస్_నాన్న
సరే, సూటిగానే చెప్తాను. చీపురు సంగతి తర్వాత.

2024 జనవరి. మా పాప 9వ తరగతి, టీమ్‌లో మొదటి ఏడాది. తనూ ఇంకో అమ్మాయీ కలిసి నోట్‌ని నేలమీంచి లాక్కునే ఇన్‌టేక్ కట్టారు. అమెజాన్ అట్టపెట్టెతో మొదలుపెట్టి ప్లైవుడ్‌కి వచ్చారు. నాలుగు సాయంత్రాలు. సోమవారం రాత్రి ఇంటికి వస్తూ కారులో, 'నాన్నా, ఇవాళ పదిలో ఎనిమిది లాక్కుంది' అంది. అంత గట్టిగా అది మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

మంగళవారం వెళ్తే బల్ల ఖాళీ. ఆదివారమే ఒక పేరెంట్ మూడు రోజుల వీడియో చూసి, ఇంట్లో క్యాడ్ గీసుకుని, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ పలకలు కోయించి తెచ్చారట. ఆయనది ఆ రాత్రికే రోబో మీదకి ఎక్కింది. పిల్లలది చెత్తడబ్బాలో ఉంది. ఎవరూ చెడ్డ మాట అనలేదు. 'గుడ్ జాబ్ గర్ల్స్, ఇది ఇంకా బాగా పనిచేస్తుంది' అన్నారంతే. ఆయనది నిజంగా బాగానే పనిచేసింది, అబద్ధం చెప్పను. ఆ తర్వాత మా పాప డ్రిల్ పట్టుకోలేదు. ఇప్పుడు స్టాండ్స్‌లో కూర్చుని ఎదుటి టీమ్‌ల పాయింట్లు రాసుకుంటుంది. టీమ్ వదల్లేదు. స్నేహితులున్నారు కదా.

వీడియో మీద నాకు కోపం లేదు. ఆ వీడియో చూపించి పిల్లల చేతిలోంచి పని లాక్కున్నారు. రెండేళ్ల తర్వాత అదే టీమ్ ఇప్పుడు దాన్నే పద్ధతిగా పెట్టుకుంటోంది.

వరంగల్_రోబోకాన్
అన్నా, గిది ముందుగాల్నే చెప్పాలె గదా. మాకు చెప్పెటోడు లేక ఏడ్చినం, మీకు ఎక్కువై ఏడుస్తున్రు.

ఆస్టిన్_మెంటర్
చదివాను. చీపురు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మెంటర్లు రోబోని ముట్టకూడదని నియమమేమీ లేదు, ఉండకూడదు కూడా. పక్కన నిలబడి పెద్దవాళ్లు పనిచేయడం చూసి నేర్చుకోవడం ఈ పోటీలో మొదటినుంచీ ఉన్నదే. కానీ పిల్లల పని వాళ్లు లేనప్పుడు తీసేయడం తప్పు. నేనూ ఒకసారి చేశాను. 2018లో, పోటీకి రెండు రోజుల ముందు. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, మర్నాటి నుంచి రాలేదు. వేరే పనులుండి రాలేదని చాలాకాలం అనుకున్నాను.

అయినా నా మాట మీద నేనున్నాను. వీడియోలు చూడొద్దంటే నష్టపోయేది ఆ పన్నెండు మంది టీమే. మీ టీమ్‌లో ఇంటికెళ్లి పలకలు కోయించే పేరెంట్లున్నారు, వాళ్లకి ఎవరూ లేరు.

డల్లాస్_నాన్న
వాళ్లు చూడాలి, ఒప్పుకుంటాను. మా టీమ్ మాత్రం మొదటి వారం చూడకూడదంటాను.

ఆస్టిన్_మెంటర్
ఒక టీమ్‌కి ఒక రూలు, ఇంకో టీమ్‌కి ఇంకో రూలా? వారం కాదు, ఒక శనివారం ఇవ్వండి. ఆ రోజు ఫోన్లు పక్కన పెట్టి పిల్లలు బల్లమీద ఏది కావాలంటే అది చేయనివ్వండి. ఆదివారం అందరూ కలిసి వీడియోలు చూడండి.

డల్లాస్_నాన్న
శనివారం చాలదు. పాపకి నాలుగు సాయంత్రాలు పట్టింది.

ప్లైవుడ్_ప్రేమి
ఇంతకీ ఆ ఇన్‌టేక్ చెత్తడబ్బాతోనే పోయిందా?

డల్లాస్_నాన్న
లేదు. ఆ రాత్రే తీసి కారు డిక్కీలో వేసుకొచ్చాను, గ్యారేజీలో ఉంది. ఒక పలక మీద స్లాట్ పక్కన పాప పెన్సిల్‌తో రాసిన గీతలు ఇంకా ఉన్నాయి. రోలర్ల మధ్య ఖాళీ అంగుళాల్లో: ఒకటీ ముప్పావు దగ్గర 'జారిపోతోంది', ఒకటిన్నర దగ్గర 'లాగింది 8/10', ఒకటింబావు దగ్గర 'మోటార్ ఆగింది'.

ఆస్టిన్_మెంటర్
మేమూ ఆ ఏడాది ఒకటిన్నర దగ్గరే ఆగాం, మూడో వారానికి. కొత్త నోట్‌తో చూసిందా, వాడిన నోట్‌తోనా?

డల్లాస్_నాన్న
నాకు తెలియదు. ప్రాక్టీస్ నుంచి ఏడింటికి వస్తుంది, పలక చేతికిచ్చి అడుగుతాను.