ఆర్-చాప్ కీమో నడుస్తుండగా బిళ్ళగన్నేరు ఆకు తినొచ్చా?

మల్లెపందిరి:
అత్తగారికి 61 ఏళ్లు, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్). ఆర్-చాప్ రెండు సైకిళ్లు అయ్యాయి, మూడోది వచ్చే వారం. షుగర్ కూడా ఉంది. క్యాన్సర్ మందు తీసేది బిళ్ళగన్నేరు నుంచే కదా అని చుట్టాలు పరగడుపున ఏడాకులు నమలమంటున్నారు. దానికి తోడు లక్ష్మణఫలం ఆకు కషాయం, తిప్పతీగ పచ్చిరసం, పసుపు క్యాప్సూల్స్. వీటిలో ఏది పర్లేదు, ఏది కూడదు? కారణం కూడా చెబితే ఇంట్లో వాళ్లకు నచ్చజెప్పుకుంటాను.

మాత్ర_మోతాదు (క్లినికల్ ఫార్మసీ):
చాప్ (CHOP) అంటే కలిపి ఇచ్చే మందుల పేర్ల మొదటి అక్షరాలు. అందులో ‘ఓ’ అంటే ఆంకోవిన్, అంటే విన్‌క్రిస్టీన్. అది బిళ్ళగన్నేరుదే, చుట్టాలు అన్నదాంట్లో అంతవరకు నిజం ఉంది. కానీ లెక్క చూడండి. 1 గ్రాము విన్‌క్రిస్టీన్ తీయాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఒక సైకిల్‌కి గరిష్ఠంగా ఎక్కించేది 2 మి.గ్రా., అంటే కిలో ఎండుటాకులో ఉండేంత. ఏడు పచ్చాకులు ఎండితే ఎంత తూగుతాయో మీకే తెలుసు. పైగా ఈ మందు నోటి ద్వారా సరిగా ఒంటికి పట్టదు, అందుకే రక్తనాళంలోకే ఎక్కిస్తారు.

అసలు ఇది బయటపడిన తీరే ఆ సంగతి చెబుతుంది. జమైకాలో షుగరుకి వాడే ఆకు అని 1950లలో కెనడాకు పంపితే, రాబర్ట్ నోబుల్ బృందం ఎలుకలకు తాగించి చూసింది. షుగర్ ఏమీ తగ్గలేదు. అదే సారాన్ని సూదితో ఇస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్‌తో ఎలుకలు చచ్చిపోయాయి. ఆ తెల్లకణాల సంగతి పట్టుకునే ఛార్లెస్ బీర్ 1958 నాటికి ఆ మొక్క నుంచి విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందుని వేరు చేశాడు. విన్‌క్రిస్టీన్ ఆ తర్వాత వచ్చింది.

క్యాన్సర్‌కి పనిచేయదంటే హాని కూడా చేయదని కాదు. ఆ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు (ఒంటి మీద ఘాటుగా పనిచేసే మొక్క రసాయనాలు) ఉన్నాయి, బీపీ తగ్గించే అజ్మలిసిన్‌తో సహా. ఆర్-చాప్‌లో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదటి 5 రోజులు రోజుకి 100 మి.గ్రా. ఇస్తారు. ఆ రోజుల్లో షుగర్ ఎగబాకుతుంది, ఆపగానే దిగుతుంది. మధ్యలో ఈ ఆకు కూడా ఉంటే ఏది దేనివల్లో తేల్చలేక ఇన్సులిన్ మోతాదు గందరగోళమవుతుంది.

కరక్కాయ (ఆయుర్వేదం):
‘మన ప్రాచీన మందు’ అనే మాటకి జవాబు నేనిస్తాను. బిళ్ళగన్నేరు స్వస్థలం మడగాస్కర్. చరక, సుశ్రుత సంహితల్లో ఈ మొక్క లేదు. అక్కడున్నది కరవీరం, అంటే అసలు గన్నేరు. దాన్ని ఉపవిషాల్లో లెక్కేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే: ‘గన్నేరు ఆకు తెమ్మన్నారు’ అని ఎవరైనా పెద్ద గన్నేరు కోసుకొచ్చారంటే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క, ఆకు కోలగా, మధ్య ఈనె తెల్లగా ఉంటుంది. గన్నేరు మనిషిని మించి పెరుగుతుంది, సన్నటి పొడుగాకులు కణుపుకి మూడేసి వస్తాయి. పసుపు పూల పచ్చగన్నేరు గిల్లితే పాలు కారతాయి, దాని పప్పు మరీ విషం.

తిప్పతీగ మంచి మందే, నేనూ రాస్తాను, కానీ కీమోలో రాయను. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తికని విపరీతంగా వాడినప్పుడు కొందరికి కాలేయం వాచిన కేసులు ముంబయి నుంచి వచ్చాయి. మీకు అది ఎందుకు ముఖ్యమంటే, బిలిరుబిన్ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 1.2 దాటితే చాప్‌లోని మరో మందు డోక్సోరుబిసిన్ సగానికి కోస్తారు, 3 దాటితే విన్‌క్రిస్టీన్ కూడా సగమే. ఆకు రసం కోసం అసలు మందు తగ్గించుకున్నట్టవుతుంది.

డేకేర్_సిస్టర్:
లక్ష్మణఫలం ఆకు వద్దే వద్దు. అందులోని అనోనసిన్ నరాల కణాలకు విషం. గ్వాడెలూప్ దీవిలో ఆ పండు, ఆకుల టీ ఎక్కువగా తీసుకునేవాళ్లలో మందులకు లొంగని పార్కిన్సన్ తరహా జబ్బు కనిపించడానికి దీన్నే అనుమానించారు. విన్‌క్రిస్టీన్ ఎలాగూ వేళ్ల చివర్లు తిమ్మిరెక్కిస్తుంది, అత్తగారికి షుగర్ వల్ల ఆ తిమ్మిరి ముందే ఉండొచ్చు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, చెప్పు జారిపోతున్నా తెలియకపోయినా తర్వాతి డోసుకి ముందే డాక్టరుకి చెప్పండి.

పచ్చిరసం ఏదైనా సరే, కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య అస్సలు వద్దు. అప్పుడు తెల్లకణాలు బాగా పడిపోతాయి. పచ్చాకుల మీది మట్టి, బూజు కడిగినా పూర్తిగా పోవు. జ్వరం 100.4 తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

మల్లెపందిరి:
చాలా థ్యాంక్స్ అండీ. మరి పసుపు? కూరలో వేసేది కూడా మానెయ్యాలా? మలబద్ధకం విపరీతంగా ఉంది, ఇసబ్‌గోల్ ఇస్తున్నాం.

మాత్ర_మోతాదు:
కూరలో పసుపు ఎప్పట్లాగే వెయ్యండి. ఆపాల్సింది క్యాప్సూల్స్. వాటి లేబుల్ మీద ‘పైపరిన్’ ఉంటుంది, మిరియాల సారం. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి పట్టాలని కలుపుతారు. ఆ పైపరినే విన్‌క్రిస్టీన్‌ని కాలేయంలో విరిచే ఎంజైమ్‌కి అడ్డుపడగలదు. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే ముందు దెబ్బతినేవి నరాలు, పేగులు. చారులో మిరియాలకి ఈ భయం అక్కర్లేదు.

డేకేర్_సిస్టర్:
మలబద్ధకం విన్‌క్రిస్టీన్ పనే, పేగుల కదలికే మందగిస్తుంది. అందుకే ఇసబ్‌గోల్ ఇక్కడ సరిపడదు. నీళ్లు చాలకపోతే లోపలే ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది. మేం ఇచ్చేది సునాముఖి మాత్ర, సెన్నా అని రాసుంటుంది. పేగుని కదిలిస్తుంది, రాత్రి వేసుకుంటే పొద్దుటికి పనిచేస్తుంది. మోతాదు మీ ఆంకాలజిస్టునే రాయమనండి. మూడు రోజులుగా విరేచనం కాకపోయినా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా మాత్ర మీద మాత్ర వేయకుండా ఫోన్ చేయండి, పేగు స్తంభించి ఉండొచ్చు.

వికారానికైతే అల్లం టీ తాగొచ్చు, డాక్టరిచ్చిన వాంతి మాత్రతో పాటే, దాని బదులు కాదు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) తక్కువున్న వారంలో మాత్రం శొంఠి క్యాప్సూల్స్ జోలికి వెళ్లొద్దు. ఇప్పటిదాకా ఇచ్చినవాటి పేర్లన్నీ, ఏ రోజు నుంచో రాసి వచ్చే వారం రక్తపరీక్షకి ముందే చూపించండి, ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) పెరిగి ఉంటే కారణం వెతకడం తేలికవుతుంది.