బ్రిటన్‌లోని కొత్త రాక్ బ్యాండ్లను ఇక్కడి నుంచి తొలిరోజుల్లోనే వినడం ఎలా?

విశాఖ శ్రోత:
నేను వెట్ లెగ్ అనే బ్యాండ్ పాటలు వినేనాటికి వాళ్లకు 2023లో గ్రామీలు కూడా వచ్చేశాయి. ఇంగ్లీష్ టీచర్ అనే బ్యాండ్ పేరు, 2024లో దానికి మెర్క్యురీ బహుమతి (బ్రిటన్‌లో ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చేది) ప్రకటించిన తర్వాతే తెలిసింది. స్ట్రీమింగ్ యాప్‌లు నేను ఇదివరకు విన్నవాటిని పోలిన పాటలనే మళ్లీ మళ్లీ చూపుతున్నాయి. ఒక బ్యాండ్ ఇంకా చిన్న హాల్లో వాయిస్తున్న రోజుల్లోనే దాన్ని వినాలని నాకు ఎంతో కోరికగా ఉంది. విశాఖలో కూర్చుని అందుకు ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాత రికార్డుల ప్రేమికుడు:
బ్యాండ్ల పేర్లు వెతికే ముందు వాళ్లు వాయించే చోట్లను తెలుసుకోండి. దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో విండ్‌మిల్ అనే చిన్న పబ్ ఉంది. షేమ్, గోట్ గర్ల్, బ్లాక్ మిడి, బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ వంటి బ్యాండ్లు అక్కడ వాయిస్తూ ఎదిగినవే. అలాంటి చోట్ల కార్యక్రమాల పట్టిక ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో ప్రధాన బ్యాండ్‌కు ముందు వాయించేవారి పేర్లు రాసుకుని, ఒక్కొక్కటిగా యూట్యూబ్‌లో, బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో వినండి. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన పద్ధతి ఇదే.

చిన్న లేబుళ్లను, అంటే పాటల రికార్డులు విడుదల చేసే సంస్థలను, గమనించడం కూడా అంతే ముఖ్యం. నిర్మాత డాన్ కేరీ నడిపే స్పీడీ వండర్‌గ్రౌండ్ అనే లేబుల్‌లో ఒక పాటను ఒక్క రోజులోనే రికార్డు చేసి, కొద్ది ప్రతులు మాత్రమే అచ్చు వేసే పద్ధతి ఉండేది. బ్లాక్ మిడి, స్క్విడ్, బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ తొలినాళ్ల పాటలు అక్కడి నుంచి వచ్చాయి. చివరి రెండు బ్యాండ్ల మొదటి ఆల్బమ్‌లు వేరే లేబుళ్ల ద్వారా 2021లో వెలువడ్డాయి కాబట్టి, 2019లోనే ఆ లేబుల్‌ను గమనించినవారు వాటిని రెండేళ్లు ముందుగా విన్నారన్నమాట.

లీడ్స్ తెలుగువాడు:
పై సలహా మంచిదే గాని, లండన్ దగ్గరే ఆగిపోకండి. ఇంగ్లీష్ టీచర్, యార్డ్ యాక్ట్ రెండూ ఉత్తర ఇంగ్లండ్‌లోని మా లీడ్స్ బ్యాండ్లే. ఇక్కడి బ్రూడనెల్ సోషల్ క్లబ్ పట్టికను కూడా తప్పక చూడండి. ఏటా మే నెలలో బ్రైటన్‌లో జరిగే గ్రేట్ ఎస్కేప్ ఉత్సవం కొత్తవారి కోసమే పెట్టినది. దానికి వెళ్లలేకపోయినా, అందులో వాయించేవారి పేర్ల జాబితా ఒక్కటే మీకు చాలా నెలలపాటు సరిపోతుంది. కొత్తవారిని రేడియోలో పరిచయం చేయడానికి 2007లో మొదలైన బీబీసీ ఇంట్రడ్యూసింగ్‌కు లేబుల్ లేని బ్యాండ్లు కూడా తమ పాటలను స్వయంగా పంపుకుంటున్నాయి. బీబీసీ రేడియో వినే బీబీసీ సౌండ్స్ యాప్‌ను 2025 జూలైలో విదేశాల వారికి ఆపేశారు గనుక, కార్యక్రమాల పేజీల్లో ఇచ్చే పాటల పేర్లు చూసి వాటిని వేరేచోట వినడం మేలు.

హైదరాబాద్ గిటారు:
ఒక్క మాట కలుపుతాను. నచ్చిన పాటను దయచేసి కొనండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల్లో సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది. 2020లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటాను కూడా వదులుకుంటుంది. వినైల్ రికార్డు ఇక్కడికి తెప్పించుకోవాలంటే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి భారమవుతాయి కాబట్టి నేను డిజిటల్ ప్రతులే కొంటాను. ఊరు దాటి వాయించడానికి వ్యాన్ అద్దె కూడా కూడబెట్టుకోవలసిన బ్యాండ్‌కు ఆ నాలుగైదు పౌండ్లు నిజంగా పనికొస్తాయి.

విశాఖ శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి విండ్‌మిల్, బ్రూడనెల్ పట్టికలు రెండూ చూసి, ముందు వాయించేవారి పేర్లు పదకొండు రాసుకున్నాను. వాటిలో నాలుగు బ్యాండ్లకు బ్యాండ్‌క్యాంప్‌లో ఇప్పటికి ఒక్కొక్క పాటే ఉంది. ఈ ఉదయం ఆ నాలుగూ విని, ఒకటి కొన్నాను.