కొడుకు నా దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది, చైల్డ్ సపోర్ట్ ఇంకా కట్టాలా?

గుమ్మం_దగ్గర
మేముండేది అమెరికాలో. విడాకులై ఆరేళ్లు. ఆర్డర్ ప్రకారం అబ్బాయి వాళ్లమ్మ దగ్గర ఉండాలి, నేను నెలనెలా చైల్డ్ సపోర్ట్ కట్టాలి. జీతంలోంచే కోసేస్తారు. వాడికిప్పుడు పదిహేనేళ్లు. నాలుగు నెలల కిందట ఒక ఆదివారం రాత్రి బ్యాగు, గిటారు, పళ్ల క్లిప్పుల డబ్బా పట్టుకుని వచ్చి "ఇక్కడే ఉంటాను నాన్నా" అన్నాడు. వాళ్లమ్మకు ఫోన్ చేస్తే "వాడిష్టం" అంది. గొడవేం లేదు. అప్పట్నుంచి వాడి ఖర్చంతా నాదే. పే స్లిప్పులో ఆ కోత మాత్రం అలాగే ఉంది. పిల్లవాడు లేని ఇంటికి పిల్లవాడి ఖర్చు పంపడంలో న్యాయం ఏముంది? హెచ్.ఆర్. వాళ్లకు చెప్పి ఆపించెయ్యాలనుంది. తప్పా?

ఫైళ్ల_రాణి
లాయర్‌ని కాను, ఫ్యామిలీ కోర్టు కేసుల ఆఫీసులో పదేళ్లుగా ఫైళ్లు మోస్తున్నాను. హెచ్.ఆర్. వాళ్లు మీ మాట విని ఆపరు. వాళ్లకొచ్చింది కోర్టు కాగితం, ఆపాలన్నా ఇంకో కాగితమే రావాలి.

అసలు సంగతి వేరే ఉంది. బ్రాడ్లీ సవరణ అని 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఏ నెల వాయిదా అయినా గడువు రోజు రాగానే కోర్టు తీర్పుతో సమానం అయిపోతుంది. తర్వాత ఏ జడ్జీ వెనక్కి వెళ్లి దాన్ని తగ్గించడానికి లేదు. మార్పు కోరుతూ మీరు పిటిషన్ వేసి, అవతలివాళ్లకు నోటీసు వెళ్లిన రోజు నుంచే తగ్గించే వీలు. మీవాడు గిటారుతో గుమ్మం తొక్కిన తేదీ మీకు ముఖ్యం, చట్టానికి నోటీసు తేదీ ముఖ్యం. నాలుగు నెలలు ఊరికే పోయాయి, ఐదోది పోనివ్వకండి.

లెక్కల_మాస్టారు
ఇదెక్కడి న్యాయం? డబ్బు పిల్లవాడిదా, ఆర్డర్‌దా? పిల్లవాడిదైతే వాడితోనే నడవాలి. బ్రిటన్‌లో చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్ పిల్లలు ఎవరింట్లో ఎన్ని రాత్రులు పడుకున్నారో చూస్తుంది. కట్టేవాళ్ల దగ్గర ఏడాదిలో 52 నుంచి 103 రాత్రులుంటే ఏడో వంతు తగ్గింపు, 104 నుంచి 155 అయితే ఏడింట రెండు వంతులు. తేలిగ్గా అర్థమయ్యే లెక్క. ఇక్కడ మాత్రం తండ్రి రెండు చోట్లా కట్టి, పైగా కోర్టు ఫీజు కూడా కట్టాలి.

రెండు_గదుల_ఇల్లు
మాస్టారూ, ఇక తల్లి లెక్క కూడా వినండి. మా అమ్మాయి పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లింది. రెండో గది కోసమే నేను పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాను, లీజు ఇంకా తొమ్మిది నెలలుంది. అది వెళ్లిందని ఇంటాయన అద్దె తగ్గించడుగా! వాళ్ల నాన్న మాత్రం మర్నాడే డబ్బు ఆపేశాడు. పదకొండు వారాలకు అమ్మాయి తిరిగొచ్చింది. ఎందుకంటే అక్కడ ఫోన్ రాత్రి తొమ్మిదికి తీసేసుకుంటున్నారట. ఈ వయసు పిల్లలు తలుపు విసురుగా వేసిన ప్రతిసారీ డబ్బు దారి మారిపోతే ఏ ఇల్లూ నిలబడదు. కోర్టు కొంచెం ఆలస్యం చెయ్యడం మంచిదే అనుకుంటాను.

లెక్కల_మాస్టారు
పదకొండు వారాలు వేరు, ఏడాది వేరు. మీ అమ్మాయి తిరిగి రాకపోయుంటే ఏమనేవారు?

రెండు_గదుల_ఇల్లు
నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నేనై నేను కోర్టుకు వెళ్లేదాన్ని కాదు. ఆయనే వెళ్లాలి.

కొత్త_సభ్యుడు
పద్నాలుగు దాటితే పిల్లలే తేల్చుకోవచ్చని విన్నాను. అప్పుడు పిటిషన్ ఎందుకు?

ఫైళ్ల_రాణి
అది జార్జియా సంగతి. అక్కడ పద్నాలుగేళ్లు నిండినవాళ్లు ఎవరి దగ్గర ఉండాలో ఎంచుకోవచ్చు, అయితే ఆ ఇల్లు పిల్లలకు మంచిది కాదనిపిస్తే జడ్జి కాదనగలడు. కాలిఫోర్నియాలో ఆ వయసువాళ్లు అడిగితే వాళ్ల మాట కోర్టు సాధారణంగా వినాలి, విన్నాక తేల్చేది కోర్టే. రెండు చోట్లా పిల్లల మాటతో డబ్బు దానంతటది మారిపోదు, ఆర్డర్ మారాలి. ఇద్దరు పిల్లల్లో ఒకరు వెళ్తే సగం కట్టేసి ఊరుకునేవాళ్లను ఎంతమందిని చూశానో! మొత్తం ఇద్దరికీ కలిపి వేసి ఉంటే అలా సగం చేయడానికి లేదు. తిరిగి లెక్క కట్టించుకోవాలి.

మాస్టారి కోపంలో న్యాయం లేకపోలేదు. టెక్సాస్‌లో చిన్న వెసులుబాటు ఉంది: తల్లి ఇష్టపూర్వకంగా పిల్లవాణ్ని తండ్రి దగ్గర వదిలి, ఆర్డర్‌లో తనకున్న రోజులకు మించి అతనే పోషించి ఉంటే, బకాయి కోసం దావా వేసినప్పుడు ఆ పోషణ చూపించుకోవచ్చు. అన్ని రాష్ట్రాల్లోనూ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. అందుకే "వాడిష్టం" అన్న ఫోన్ మాట చాలదు. ఆమె చేత రాతలో పెట్టించండి, మెసేజ్ అయినా సరే.

ఇండియా_నుంచి
మన దగ్గర దీనికి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 146, దాని ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో 127. పరిస్థితి మారిందని రుజువు చేస్తే భరణం పెంచొచ్చు, తగ్గించొచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సెక్షన్ 26లో కస్టడీ, పోషణ ఏర్పాట్లు వీలైనంతవరకు పిల్లల ఇష్టానికి తగ్గట్టు ఉండాలని రాసుంది. రాసినంత తొందరగా జరగదనుకోండి, అది వేరే చర్చ.

రెండిళ్ల_పిల్ల
ఇప్పుడు నాకు ఇరవై ఆరు. పదహారేళ్లప్పుడు ఇల్లు మారాను. మాస్టారు గారి రాత్రుల లెక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాన్న వంటింటి క్యాలెండర్‌లో నేను పడుకున్న ప్రతి రాత్రికీ ఎర్ర చుక్క పెట్టేవాడు. స్నేహితురాలింట్లో ఉండిపోతే ఆ గడి ఖాళీ. ఒకసారి జ్వరంతో అమ్మ దగ్గరే ఉండిపోతానని ఫోన్ చేస్తే ముందు ఆయన అన్న మాట, "ఇవాళ పదహారో తారీఖు కదా?" అని. చెడ్డవాడు కాదు. లాయర్ చెప్పినట్టు చేశాడంతే. నేను మాత్రం ఆ తర్వాత ఎక్కడ పడుకోవాలన్నా ముందు తారీఖు చూసుకునేదాన్ని.

పిటిషన్ వెయ్యండి అంకుల్. ఆ కాగితాలు డైనింగ్ టేబుల్ మీద మాత్రం పెట్టకండి.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఆ క్యాలెండర్ సంగతి చదివాక నాకూ బాధేసింది. అయినా లెక్క తప్పు కాదంటాను. గోడకు తగిలించడం తప్పు.

గుమ్మం_దగ్గర
అందరికీ థాంక్స్. హెచ్.ఆర్.కి ఫోన్ చెయ్యలేదు. రాష్ట్ర చైల్డ్ సపోర్ట్ ఆఫీసులో అడిగితే, ఇద్దరం ఒప్పుకుంటే సంతకాలతో ఒప్పందం కోర్టుకు పంపొచ్చని, జడ్జి ఆమోదించాకే కోత మారుతుందని చెప్పారు. ముందు పిటిషన్ వేశాను, తేదీ పోకుండా. ఆ నాలుగు నెలలు వెనక్కి అడగడం లేదు. వాళ్లమ్మ లీజు గురించి నాకు ఇంతవరకూ తట్టనే లేదు. వచ్చే నెల నుంచి ఒక్కసారిగా సున్నా చెయ్యకుండా మూడు విడతల్లో తగ్గిద్దామని మెసేజ్ పెట్టాను. "చూస్తాను" అంది. మాస్టారు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

ఫైళ్ల_రాణి
విడతల మాట కూడా ఆ ఒప్పందంలో రాయించండి. మెసేజ్‌లో వదిలేస్తే మళ్లీ పాత కథే.

గుమ్మం_దగ్గర
అలాగే. ఇంకో సంగతి. కోర్టు కవరు పొద్దున పోస్టులో వచ్చింది. వాడు బూట్ల లేసులు కట్టుకుంటూ చూశాడు. "ఇది నా గురించేనా?" అన్నాడు. సాయంత్రం చెప్తానన్నాను. ఇంకో అరగంటలో బస్సు దిగుతాడు.