వంశపారంపర్య దేశభక్త సంఘాల పాత సభ్యత్వ పత్రాలు: కొని దాచుకోవడం తప్పా?

పాతకాగితం:
అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌కి (పోయినవాళ్ల ఇంటి సామాన్ల అమ్మకాలకి) వెళ్తే డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ (డీఏఆర్, అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాలుపంచుకున్నవాళ్ల వంశంలోని ఆడవాళ్ల సంఘం) వాళ్ల పాత సభ్యత్వ పత్రాలు ఫ్రేములతో సహా కనబడుతుంటాయి. నేను కొంటాను. మొన్న ఇక్కడ గోదారిగట్టు గారు "పుట్టుకతో వచ్చిన గొప్పని కొనుక్కుని గోడకి తగిలించుకోవడమే ఇది" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఇప్పటికీ అదే అంటానండీ. ఇలాంటి సంఘాల్లో మొదటిది చూడండి, 1783లో సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి పెట్టారు, ఆ యుద్ధంలో పోరాడిన సైనికాఫీసర్లకే సభ్యత్వం, తర్వాత పెద్దకొడుక్కి. వాళ్లతోపాటు చలిలో, ఆకలితో పోరాడిన మామూలు సిపాయికి చోటే లేదు. రాజుని వద్దనుకున్న దేశంలో ఇదేం పని అని అప్పుడే గొడవైంది. 1784లో ఆ దేశ స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కూతురికి రాసిన ఉత్తరంలో లెక్క కట్టి చూపించాడు, తొమ్మిది తరాలు దాటితే ఆ వీరుడి రక్తం వారసుడిలో 512వ వంతే మిగులుతుందని. ఇక డీఏఆర్ సంగతి, 1939లో మరియన్ ఆండర్సన్ నల్లజాతి గాయని అని తమ కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడనివ్వలేదు. ఆ కాగితాన్ని ముద్దుగా చూసుకోవడం నావల్ల కాదు.

పాతకాగితం:
మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ డీఏఆర్‌లో చేరాలంటే పూర్వీకుడు ఆఫీసరే కానక్కర్లేదు, సిపాయైనా, సైన్యానికి సరుకులిచ్చిన రైతైనా చాలు. పత్రం మీద నేషనల్ నంబర్ (సభ్యత్వ సంఖ్య) ఉంటుంది, దాన్ని పట్టుకుని డబ్బు కడితే ఆ సభ్యురాలి దరఖాస్తు నకలు తెప్పించుకోవచ్చు. అందులో తరం తర్వాత తరం ఎవరు ఎవరి కూతురో, ఎవర్ని పెళ్లాడిందో, దానికి రుజువేంటో ఉంటుంది. ఆ కాలపు ఆడవాళ్లు చాలా కాగితాల్లో "ఫలానా ఆయన భార్య" గానే మిగిలారు, ఇక్కడ సొంత పేరుతో ఉన్నారు. 1977లో కేరెన్ బాచెలర్ అనే నల్లజాతి మహిళ ఈ వంశవృక్షం రుజువుతోనే సభ్యురాలైంది. చెత్తబుట్టలో పడేస్తే గర్వం పోదు, సాక్ష్యం పోతుంది.

తూనీగ:
నా బాధ వేరే. 1972లో స్వాతంత్ర్య సమరయోధుడిగా మా తాతగారికిచ్చిన తామ్రపత్రం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల గోడ మీద కనబడితే నాకు కడుపు మండుతుంది. సిన్సినాటి డిప్లొమాల (సభ్యత్వ పత్రాల) అమ్మకాలు చూశారా? తోలు కాగితం మీద కత్తి పట్టిన వీరుడు, పారిపోతున్న బ్రిటానియా (బ్రిటన్‌కి గుర్తుగా గీసే స్త్రీ), కింద సంఘం అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్, కార్యదర్శి హెన్రీ నాక్స్ సంతకాలు. ప్రకటనంతా వాషింగ్టన్ సంతకం గురించే, అది ఏ ఆఫీసర్‌కి ఇచ్చారో ఆ పేరు మాత్రం ఎక్కడో మూలన. ముందు కుటుంబాన్ని అడగండి.

పాతకాగితం:
ఈ మాటకి ఒప్పుకుంటాను తూనీగ గారూ. ఇంటివాళ్లే అమ్ముతుంటే మాత్రం కొంటాను, ఏ ఊళ్లో ఏ ఇంట్లో దొరికిందో రాసి పెడతాను, ఫ్రేమ్ వెనక అంటించిన ఉత్తరాలేమైనా ఉంటే విడదీయను, స్కాన్ ఆ ఊరి హిస్టారికల్ సొసైటీకి పంపుతాను.

గోదారిగట్టు:
అలా చేస్తే అభ్యంతరం లేదు. గోడకి మాత్రం తగిలించకండి.