చెక్ కష్టమా, సెబువానో కష్టమా?

మొన్నటి చర్చలో ఒకరు "చెక్ నేర్చుకోవడం మనవల్ల కాదు, సెబువానో అయితే ఇట్టే వచ్చేస్తుంది" అన్నారు, దానికి లైకులు కూడా బాగానే పడ్డాయి. చెక్ అంటే యూరప్‌లోని చెక్ రిపబ్లిక్ భాష, సెబువానో ఫిలిప్పీన్స్ భాష. ఆ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఇలాంటి మాటలు సాధారణంగా ఇంగ్లీషు వాళ్ళ కోసం ఇంగ్లీషు వాళ్ళు వేసిన లెక్కల నుంచి వస్తాయి. తెలుగు వచ్చినవాడికి లెక్క వేరు.

చెక్‌లో ఏడు విభక్తులు. అక్కడి బళ్ళలో వాటిని నంబర్లతోనే చెబుతారు, మొదటిది, రెండోది, అలా ఏడోదాకా. "డు ము వు లు ప్రథమా విభక్తి" అని బట్టీ పట్టిన మనకి ఇందులో భయపడాల్సింది ఏముంది? కాకపోతే వరస వేరు, మన షష్ఠి పని చేసేది వాళ్ళకి రెండోది, సంబోధన ఐదోది. "పెత్ర్ విదీ యను" అంటే పెత్ర్ యనను చూస్తున్నాడని. యన కాస్తా "యను" అయింది కాబట్టి "యను విదీ పెత్ర్" అని తిప్పి చెప్పినా చూసేది పెత్రే, "సీతను రాముడు చూశాడు" అన్నప్పుడు మనకి ఎవరు ఎవర్ని చూశారో అనుమానం రానట్టే. పిలిచేటప్పుడు పేరు కూడా మారుతుంది, యనను "యనో!" అంటారు, పావెల్‌ను "పావ్లె!" అంటారు.

అసలు తలనొప్పి ప్రత్యయాల దగ్గర. మన తో, లో ఏ మాట పక్కన పెట్టినా అవే, కు ఒక్కటే అప్పుడప్పుడు కి అవుతుంది. చెక్‌లో లింగాన్ని బట్టి, పదం ఎలా ముగిసిందన్నదాన్ని బట్టి, ఏకవచనమా బహువచనమా అన్నదాన్ని బట్టి ప్రత్యయం మారిపోతుంది. అంటే మనకి విభక్తి అనే ఆలోచన తెలుసు, పట్టికలే తెలియవు. వాటిని కూర్చుని కంఠస్థం చేయాల్సిందే, అడ్డదారి లేదు. ఇంకొకటి, చెక్‌లో ఆడవాళ్ళు "నేను ఉన్నాను" అని భూతకాలంలో చెప్పాలంటే "బిలా సెమ్", మగవాళ్ళయితే "బిల్ సెమ్". హిందీ వచ్చినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

అచ్చులే లేని వాక్యం అని నెట్‌లో తిరిగే "స్తృచ్ పృస్త్ స్కృస్ కృక్" (గొంతులోంచి వేలు దూర్చు అని అర్థం) ఉంది చూశారూ, దాన్ని చూసి యూరప్ అంతా నవ్వుతుంది. తెలుగు లిపిలో రాస్తే అందులో వింతేమీ కనబడదు, అక్కడ అచ్చు పని చేస్తున్నది ర కారమే, మన బళ్ళలో నేర్పి తర్వాత అందరూ "రు" అని పలికే ఋ అదే. తోడేలుకి చెక్‌లో "వ్ల్క్" అంటారు, సంస్కృతంలో "వృక". రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. సెబువానోకి సంస్కృతంతో ఇలాంటి రక్త సంబంధం లేదు, అది ఆస్ట్రోనేషియన్ (ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియా వైపు భాషల) కుటుంబం, కానీ సముద్రం మీదుగా అరువు మాటలు వెళ్ళాయి, "దివాతా" అంటే మన దేవతే.

ఇక సెబువానో. మాట్లాడేవాళ్ళు చాలామంది దాన్ని బిసాయా అనే అంటారు. సెబూ, బొహోల్ దీవుల్లో, మిందనావో దీవిలో చాలా భాగం వినబడుతుంది, చెక్ మాట్లాడేవాళ్ళకన్నా వీళ్ళ సంఖ్య దాదాపు రెట్టింపు. లింగం లేదు, అతనికీ ఆమెకీ ఒకే మాట "సియా". నామవాచకం చివర ఏదీ తగిలించరు, క్రియకి మనలా ను, వు, డు లేవు. ఇక్కడిదాకా చూసినవాళ్ళే "ఇట్టే వచ్చేస్తుంది" అంటారు.

తర్వాత క్రియ మొదలవుతుంది. "మిపాలిత్ సి మరియా ఓగ్ ఇస్దా" అంటే మరియా చేపలు కొంది. "గిపాలిత్ ని మరియా అంగ్ ఇస్దా" అంటే ఆ చేపను మరియా కొంది. మొదటిదాంట్లో మాట మరియా గురించి, రెండోదాంట్లో చేప గురించి, దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి క్రియ ముందు "మి" పోయి "గి" వచ్చింది, మరియా ముందున్న "సి" కూడా "ని" అయిపోయింది. ఎక్కడ కొన్నదో, ఎవరి కోసం కొన్నదో ముఖ్యమైతే చివర "అన్" కూడా చేరుతుంది. వ్యాకరణ పుస్తకాల్లో దీన్ని కర్మణి ప్రయోగం అని చదివి "మరియా చేత చేప కొనబడింది" అని అనువదించుకుంటే మునిగినట్టే. "కొనబడింది" అని మన ఇళ్ళలో ఎవరూ అనరు, "గిపాలిత్" మాత్రం వాళ్ళు బజార్లో రోజూ అనే మాట. ఇది తెలుగులో లేదు, చెక్‌లోనూ లేదు, పట్టిక కంఠస్థం చేసినంత మాత్రాన రాదు.

కానీ ఒక్క చోట మనం చెక్ వాళ్ళకన్నా ముందుంటాం. సెబువానోలో "కితా" అంటే మనం, "కామి" అంటే మేము. "మంగాఓన్ తా" అంటే తిందాం రండి అని, "మంగాఓన్ మి" అంటే మేం తింటాం, నువ్వు ఆ లెక్కలో లేవు అని. (తా, మి అనేవి వాటి పొట్టి రూపాలు.) చెక్‌లో రెంటికీ ఒకటే "మి". ప్రాగ్ నుంచి సెబూ వెళ్ళినవాడు ఈ తేడాను పనిగట్టుకుని నేర్చుకోవాలి, విజయవాడ నుంచి వెళ్ళినవాడికి వివరించాల్సిన పనే లేదు.

వికీపీడియాలో సెబువానోకి 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి కదా, అంటే అంత సాహిత్యం ఉందా అని ఎవరో అడిగారు. లేదండీ, వాటిలో అత్యధికం స్వెర్కెర్ యోహాన్సన్ అనే స్వీడన్ ఆయన తయారుచేసిన బాట్ (తనంతట తానే వ్యాసాలు రాసే ప్రోగ్రామ్) రాసినవే. ఆ అంకె చూసి భాషను అంచనా వేయొద్దు.

మిందనావోలోని దవావో నగరంలో, సెబూలో మెడిసిన్ చదివే మనవాళ్ళు ఈ గ్రూపులో ఉంటే ఒక మాట. వార్డులో పేషెంటును "ఉన్సాయ్ గిబాతి నిమో?" (ఏమనిపిస్తోంది మీకు?) అని అడుగుతారు చూడండి, ఆ "గిబాతి"లో ఉన్నదీ పైన చెప్పిన "గి"యే. అక్కణ్నుంచి మొదలుపెట్టి రోజూ వినే క్రియల్లో మి ఎక్కడ, గి ఎక్కడ అని గమనించి ఇక్కడ రాయండి, పుస్తకం ఉదాహరణలకన్నా అవే మాకు పనికొస్తాయి.